టీచరమ్మకీ ఒక బడి కావాలి

"టీచరు ఉద్యోగమా? ఆడపిల్లకి అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఇంకేం ఉంటుందండీ!"

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట ఈ మాట వినని వాళ్లుండరు. పొద్దున వెళ్తే సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటుంది. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు... వేళ్లు మడిచి మరీ లెక్క చెబుతారు. ఆ సుఖమైన ఉద్యోగంలో ఉన్నావిడని ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడిగి చూడండి. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

మా వదిన పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇద్దరుండాల్సిన బడిలో చాలాకాలం ఆవిడ ఒక్కతే. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. ఒకటో తరగతి బుడతడికి చెయ్యి పట్టుకుని 'అ' దిద్దిస్తుంటే, వెనకాల మూడో తరగతి వాళ్లు పలక కోసం కొట్టుకుంటుంటారు. ఐదో తరగతి పిల్ల లెక్క చేసేసి, "అయిపోయింది టీచర్, ఇప్పుడేం చెయ్యను?" అంటూ ఎదురుగా నిలబడుతుంది. ఈలోగా మధ్యాహ్న భోజనం లెక్క, ఫోనులో హాజరు, ఆఫీసుకి పంపాల్సిన కాగితాలు.

"ట్రైనింగులో రెండేళ్లు చదివాను వదినా. ఒక టీచరు, ఒక తరగతి, అందరూ ఒకే ఈడు పిల్లలు అనుకునే పాఠం ఎలా చెప్పాలో నేర్పారు. నాకు ఉద్యోగం వచ్చిన బడి మాత్రం అలాంటిది కాదు" అంటుంది మా వదిన.

పిల్లలకి చదువు చెప్పేది టీచరు. మరి ఉద్యోగంలో చేరాక ఆ టీచరుకి చెప్పేదెవరు? పాఠం చెప్పడానికి కావలసిన వస్తువులు ఎక్కడివి? మన పిల్లలు ప్రైవేటు బడికి వెళ్తున్నారు కదా, మనకెందుకులే అనుకోకండి. మనింట్లో అంట్లు తోమే అమ్మాయి పిల్లలు, పక్క వీధిలో ఇస్త్రీ చేసే అతని పిల్లలు చదివేది ఆ బడిలోనే. ఆ బడిలో పాఠం చెప్పేవాళ్లలో మన అక్కలూ, కోడళ్లూ బోలెడంత మంది.

సావిత్రీబాయి కూడా ముందు నేర్చుకున్నారు

1848లో పుణెలో ఆడపిల్లల బడిలో పాఠం చెప్పిన సావిత్రీబాయి ఫూలే గురించి మనందరికీ తెలుసు. దారిలో పేడ విసిరినా, రాళ్లు విసిరినా ఆమె బడికి వెళ్లడం మానలేదని చదువుకున్నాం. అంతగా ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఆమె బళ్లోకి అడుగుపెట్టే ముందు ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నారు. ఇంట్లో భర్త జ్యోతిరావు దగ్గర అక్షరాలు నేర్చుకుని, ఆ తర్వాత అహ్మద్‌నగర్‌లోనూ పుణెలోనూ పాఠం చెప్పడం నేర్చుకున్నారు. ఆమె పుట్టినరోజు జనవరి 3ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది.

ఆ రోజున టీచరమ్మకి శాలువా కప్పుతాం, దండ వేస్తాం. బాగానే ఉంది. కానీ సావిత్రీబాయికి దొరికినవి శాలువాలు కావు. నేర్చుకోవడానికి ఒక చోటు దొరికింది. నేర్చుకోనిచ్చే ఇల్లు దొరికింది. ఈనాటి టీచరుకి కావలసినవీ ఆ రెండే.

బీరువాలో బందీలు

సామగ్రి ఎప్పుడూ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' అని కేంద్రం ఒక పథకం పెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ వానకీ ఎండకీ తట్టుకునే రెండు గదులు, కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు మహిళ. నల్లబల్ల, పటాలు, చార్టులు, ఆటవస్తువులు, చిన్న గ్రంథాలయం కూడా. ఆలోచన ఎంత బాగుందో చూడండి.

ఆ సామాను చాలా చోట్ల ఏమైందో ఆ రోజుల్లో పనిచేసిన టీచర్లని అడగండి. బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎందుకంటే అవన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కాయి. గాజు కటకం పగిలితే జవాబు చెప్పాల్సింది టీచరు. బొమ్మ విరిగితే సంజాయిషీ ఇవ్వాల్సింది టీచరు. పెళ్లికి పెట్టిన వెండి కంచం అటక మీద దాచుకున్నట్టు, గ్లోబు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. పిల్లలు భూమి గుండ్రంగా ఉంటుందని నల్లబల్ల మీద గీసిన సున్నా చూసే నేర్చుకున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే ఇంకో ప్రయత్నం జరిగింది. బ్రిటన్ సాయంతో 1984లో ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. టీచర్లందరూ దాన్ని ఏపీపెప్ అనేవారు. అందులో ఆరు సూత్రాలు. పిల్లలు చేయదగిన పనులు టీచరే తయారుచేసుకోవాలి. చేసి, వెతికి, పరీక్షించి నేర్చుకోనివ్వాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతంతా కలిసి పనిచేయించాలి. ఏ పిల్ల తీరు ఆ పిల్లది అని గుర్తించాలి. ఊళ్లో ఉన్నవాటినే పాఠానికి వాడుకోవాలి. పిల్లలు చేసినవాటిని గోడకి పెట్టి గదిని అందంగా ఉంచాలి.

ఈ సూత్రాలతో పాటు 'టీచర్స్ సెంటర్లు' అని పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరి, ఎవరేం చేశారో చెప్పుకుని, కలిసి బొమ్మలూ కార్డులూ తయారు చేసుకునే చోటు అది. పైనుంచి దిగిన పెట్టె కన్నా, పక్క ఊరి టీచరు చేతిలో చూసిన అట్టముక్క ఎక్కువ పనికొస్తుందనే సంగతి అక్కడ చాలామందికి తెలిసొచ్చింది.

తర్వాత 1996లో డీపెప్ వచ్చింది. మొదట కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో. 2001 నుంచి సర్వశిక్షా అభియాన్. ఈ పథకాల్లో బోధనా సామగ్రి తయారు చేసుకోవడానికి ఒక్కో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. చిన్న మొత్తమే. అయినా అది టీచరు పేరు మీద, టీచరు ఇష్టానికి వచ్చిన డబ్బు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక, పిల్లల సంఖ్యని బట్టి బడి మొత్తానికి ఒకే గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ అందులోంచే. అవన్నీ పోగా అట్టలకీ స్కెచ్‌పెన్నులకీ మిగలకపోతే, ఇంకేముంది, టీచరమ్మ తన పర్సు తీస్తుంది. కిరాణా లెక్కలో ఆ చార్టులూ కలిసిపోతాయి.

రిషివ్యాలీ నిచ్చెన

ఒక్క టీచరు, ఐదు తరగతులు. దీనికి మందు మన తెలుగు నేల మీదే కనిపెట్టారన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ పాఠశాల ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం 1980ల చివర్లో చిన్నచిన్న బడులు తెరిచారు. అన్నీ ఒక గది, ఒక టీచరు ఉండే బడులే. పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు.

పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్నచిన్న కార్డులుగా మార్చారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, ఒక నంబరు. గోడ మీద ఒక పెద్ద నిచ్చెన పటం. ఏ కార్డు తర్వాత ఏ కార్డు చేయాలో అందులో ఉంటుంది. పిల్ల పొద్దున్నే వచ్చి నిచ్చెన దగ్గరికి వెళ్లి, నిన్న తను ఎక్కడ ఆగిందో చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని కార్డులు కొత్త సంగతి చెప్పేవి. కొన్ని ఆడుతూ సాధన చేసేవి. కొన్ని వచ్చిందో లేదో చూసేవి. రాకపోతే మళ్లీ నేర్చుకోవడానికి వేరే కార్డులు, వచ్చేస్తే ఇంకొంచెం ముందుకెళ్లడానికి మరికొన్ని.

కొందరు టీచరు దగ్గర కూర్చుంటారు. కొందరికి టీచరు మధ్యమధ్యలో చెయ్యందిస్తే చాలు. కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు సొంతంగా పని చేసుకుంటారు. "అయిపోయింది టీచర్, ఇప్పుడేం చెయ్యను?" అని అడగాల్సిన పనే లేదు. జ్వరం వచ్చి వారం రోజులు రాని పిల్ల కూడా తను ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. పాఠం ఆమెని వదిలేసి వెళ్లిపోదు. కూలి పనులకి అమ్మానాన్నలతో వలస వెళ్లి వచ్చే పిల్లలున్న ఊళ్లలో ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

1995లో కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు రిషివ్యాలీకి వచ్చారు. వాళ్లకి ఎవరూ ఉపన్యాసం ఇచ్చి పంపలేదు. ఆ చిన్న బడుల్లో కూర్చుని, పిల్లలు ఏం చేస్తున్నారో కళ్లారా చూశారు. తిరిగి వెళ్లి, తమ పిల్లలకి తగ్గట్టు, తమ కన్నడలో కార్డులు తామే రాసుకున్నారు. దానికి 'నలి-కలి' అని పేరు పెట్టుకున్నారు. ఆనందంగా నేర్చుకో అని అర్థం. అది తర్వాత ఆ రాష్ట్రమంతటా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల కోసం టీచర్లు వచ్చి చూసి వెళ్లారు. కొన్నేళ్లకి తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నిటిలోనూ ఆ తరహా చదువు నడిచింది.

టీచరుకి శిక్షణ అంటే ఇదీ. ఇంకో టీచరు గదిలో కూర్చుని చూడడం, తర్వాత చేతులతో చేయడం, మళ్లీ కలిసి మాట్లాడుకోవడం. కార్డులు మాత్రం అచ్చయి వచ్చి, వాటి వెనకాల ఉన్న ఆలోచన రాకపోతే అవీ బీరువాలోకే పోతాయి.

చేతులు మారిన పాలు

మామూలుగా మన దగ్గర శిక్షణ ఎలా జరుగుతుంది? రాష్ట్రస్థాయిలో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లాలో చెబుతారు. జిల్లా వాళ్లు మండలంలో చెబుతారు. మండలంలో విన్నది టీచరు బళ్లో చేయాలి. చేతులు మారిన పాలలో చిక్కదనం ఎంత మిగులుతుందో ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

"మూడు రోజులు కూర్చున్నాం వదినా. స్లైడ్లు చూశాం, సంతకాలు పెట్టాం, ఫొటో దిగాం. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు పక్క మండలం టీచరు ఒకావిడ తన బళ్లో గుణింతాలు సీసా మూతల మీద రాసి ఆడిస్తానని చెప్పింది. నేను బడికి తెచ్చుకుంది అదొక్కటే" అంది మా వదిన ఒకసారి. నవ్వుతూనే అందిగానీ, ఆ మాటలో పెద్ద సంగతే ఉంది.

కొత్త రోజుల్లో కొత్త ఏర్పాట్లు వచ్చాయి. కేంద్రం 2017లో 'దీక్ష' అనే ఉచిత డిజిటల్ వేదిక తెరిచింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడు మీద ఫోను పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. 2019లో 'నిష్ఠ' అనే శిక్షణ మొదలైంది. సుమారు 42 లక్షల మంది ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత టీచర్లని ఉద్దేశించిన పథకం అది. 2020లో కరోనా వచ్చాక దాన్ని ఆన్‌లైనులోకి మార్చారు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలని చెప్పింది.

ఆన్‌లైను కోర్సుల వల్ల మేలు లేకపోలేదు. చంటిపిల్లని వదిలి జిల్లా కేంద్రానికి వెళ్లక్కర్లేదు. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక వినొచ్చు. కానీ ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేత్తో ఫోనులో వీడియో నడిపిస్తే సర్టిఫికెట్ వస్తుంది. చదువు వస్తుందా? ఫోను గురువు అడిగినదానికి జవాబు చెప్పదు. "మా బళ్లో పిల్లలు గోండి మాట్లాడతారండీ, ఈ పాఠం వాళ్లకెలా చెప్పను?" అని అడిగితే వినేందుకు ఇంకో మనిషి ఉండాలి.

దీనికి తోడు పరీక్షల బెంగ ఒకటి. సర్వీసులో ఉన్న టీచర్లలో, రిటైర్మెంటుకి ఐదేళ్ల కన్నా ఎక్కువ సమయం ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు పిల్లల పక్కన కూర్చుని మళ్లీ గైడ్లు తిరగేశారు. పరీక్ష సంగతి అలా ఉంచండి. పరీక్షకి చదవడం వేరు, రేపు పొద్దున మూడో తరగతికి భాగహారం ఎలా చెప్పాలో నేర్చుకోవడం వేరు. మొదటిది చేశాం కదా అని రెండోది వదిలేస్తే నష్టపోయేది పిల్లలే.

కాబట్టి శిక్షణ దూరం నుంచి వచ్చినా, దాని వేరు దగ్గర్లోనే ఉండాలి. అందుకు కొత్త భవనాలేం అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్సులనేవి 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పినవే. చుట్టుపక్కల బడులన్నీ ఒక గొడుగు కింద కలిసే ఏర్పాటు. ఆ కాంప్లెక్సు మీటింగు రోజున సర్క్యులర్లు చదవడం అరగంటలో ముగించి, మిగతా సమయమంతా ఒక టీచరు పిల్లల ముందు పాఠం చెప్పి, మిగతావాళ్లు చూసి, తర్వాత మాట్లాడుకుంటే? నెలకి ఒక్క రోజు. ఖర్చు టీ డబ్బులు!

ఇంటి గడప దాటడానికి

శిక్షణ దొరికినా వెళ్లలేని టీచరమ్మలున్నారు. ఐదు రోజుల రెసిడెన్షియల్ శిక్షణ అనగానే మగ టీచరు సంచి సర్దుకుంటాడు. ఆడ టీచరు ముందు అత్తగారి మందులు, పిల్లాడి పరీక్షలు, పాలవాడి లెక్క, ఆయన క్యారేజీ అన్నీ సర్ది, ఆఖరున తన సంచి సర్దుకుంటుంది. ఒక్కోసారి ఆ సంచి దాకా రాకుండానే, "ఆరోగ్యం బాలేదు" అని కాగితం రాసి ఇచ్చేస్తుంది. పాఠం చెప్పడంలో ఆవిడకి ఆసక్తి లేదని పైవాళ్లు అనుకుంటారు.

మన ఇంట్లో టీచరు ఉంటే ఆ ఐదు రోజులు వంటిల్లు మనం చూద్దాం. "జీతం ఎలాగూ వస్తోంది కదా, మళ్లీ ఈ శిక్షణలెందుకు?" అనే మాట నోట్లోంచి రానివ్వకుండా ఉందాం. డాక్టరు కొత్త వైద్యం నేర్చుకోవడానికి వెళ్తే గొప్పగా చెప్పుకుంటాం. టీచరు వెళ్తే తిరుగుడు అంటామా?

శిక్షణ పెట్టేవాళ్లూ ఒకటి ఆలోచించాలి. చంటిబిడ్డ తల్లులకి పిల్లని ఉంచుకునే గది, ఆయా ఉంటే ఎంతమంది వెళ్లగలుగుతారో! ఒక్క టీచరే ఉన్న బడి నుంచి ఆవిడ శిక్షణకి వెళ్తే, ఆ రోజుల్లో బడికి తాళం పడకుండా ఇంకొకరిని పంపితే ఆవిడ మనసు కుదుటగా పాఠం వింటుంది.

మన చేతుల్లో ఉన్నది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులుండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలని ఆ చట్టం చెబుతోంది. తెలంగాణలో 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు. కమిటీలో ఉన్న అమ్మలు మరుగుదొడ్లు, అన్నం సంగతి అడుగుతూనే ఉన్నారు. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. "బీరువాలో ఉన్న సామాను పిల్లల చేతికి ఎప్పుడిస్తారు? పగిలితే టీచరుని అడగబోమని మేం తీర్మానం రాసిస్తాం." "మా టీచరు ఈ ఏడాది ఏం నేర్చుకొచ్చారు? దానికి ఏం కావాలి?" ఈ రెండో ప్రశ్నని నిలదీసినట్టు కాక, సాయం చేస్తామన్నట్టు అడగాలి సుమా!

ఇక పాఠానికి కావలసిన వస్తువుల సంగతి. మన ఇళ్లలో చెత్తలోకి పోయేవాటిలోనే సగం తరగతి గది ఉంది.

* పాత శుభలేఖలు: గట్టి అట్ట. నాలుగు ముక్కలు చేస్తే అక్షరాల కార్డులు, బొమ్మల కార్డులు సిద్ధం.

* చీపురు పుల్లలు: సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేస్తే ఒకట్లు, పదులు, వందలు చేత్తో పట్టుకుని చూడొచ్చు. తీసివేతలో 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఒక కట్ట విప్పడమేనని పిల్లకి ఠక్కున అర్థమవుతుంది.

* చింతగింజలు, అగ్గిపెట్టెలు: పన్నెండు గింజల్ని మూడు పెట్టెల్లో సమానంగా పంచితే భాగహారం. నాలుగు పెట్టెల్లో మూడేసి వేస్తే గుణకారం.

* సీసా మూతలు: ఒక్కో మూత మీద ఒక్కో అక్షరం. జతచేసుకుంటూ మాటలు కూర్చే ఆట.

* అమ్మమ్మల కొలపాత్రలు: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పిల్లలు బియ్యం పోసి చూస్తే అర, పావు భిన్నాలు వాళ్లకవే వస్తాయి.

* ముగ్గు: సరిచుక్క ఏడు నుంచి ఒకటి వరకు పెడితే మొత్తం 25 చుక్కలు. సందుచుక్క ఏడు నుంచి నాలుగు వరకు పెడితే 37. పెట్టకముందే ఎన్నో చెప్పమనండి. లెక్కలంటే భయపడే ఆడపిల్ల కూడా పలక తీసుకుని ముందుకొస్తుంది.

ఇవన్నీ సంచిలో వేసి బడి వరండాలో పడేసి రావడం కాదు. ముందు టీచరుని అడగండి, ఆవిడకేం పనికొస్తుందో ఆవిడకే తెలుసు. శనివారం సాయంత్రం ఇద్దరు ముగ్గురు కూర్చుని కత్తిరించి పెట్టడానికి సాయం వెళ్లండి. మన చేతిరాత బావుంటే కార్డులు రాసిపెట్టండి. కథలొచ్చిన అమ్మమ్మలుంటే వారానికోసారి బడికి తీసుకెళ్లండి. టీచరుకి కానుక ఇవ్వాలనిపిస్తే శాలువా బదులు పుస్తకం ఇవ్వండి. గిజూభాయి రాసిన 'పగటి కల', టెట్సుకో కురోయనాగి రాసిన 'రైలుబడి' తెలుగులో ఉన్నాయి. రెండూ పిల్లల్ని ప్రేమించిన మాస్టార్ల కథలే. చదివి ఇచ్చినా తప్పులేదు, మనకీ పనికొస్తాయి.

ఒక మంచి టీచరు సర్వీసు మొత్తంలో కొన్ని వందల మంది పిల్లలకి చదువు చెబుతుంది. ఆవిడ ఒక్క కొత్త సంగతి నేర్చుకుంటే అది అంతమంది ఇళ్లకి చేరుతుంది. అందుకే ఈసారి టీచరమ్మ ఎదురుపడితే, "సెలవులెప్పుడండీ?" అని అడగడానికి బదులు, "కొత్తగా ఏం చెబుతున్నారు పిల్లలకి?" అని అడిగి చూడండి. ఆవిడ ముఖం వెలగకపోతే నన్నడగండి!